నీళ్లకు పట్టా అడిగిన కార్యాలయాలకు ఒక బహిరంగ లేఖ

నీటిపారుదల, విద్యుత్, మత్స్య, పర్యావరణ, అగ్నిమాపక శాఖల అధికారులకు, జలాశయాల నిర్వహణ చూసే సంస్థలకు, స్థానిక పాలక మండళ్లకు,

నమస్కారం.

నేను ఫ్లోటింగ్ సోలార్ మీద పనిచేసే ఇంజినీరుని. చెరువులు, జలాశయాలు, నీళ్లు నిండిన పాత క్వారీ గుంతల మీద సోలార్ ప్యానెళ్లు తేల్చి కరెంటు తీయడం మా పని. నిజం చెప్పాలంటే మా పనిలో అది సగమే. మిగతా సగం ఫైలు చంకన పెట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగడం. ఈ విషయం మీద ఇంతకుముందు మూడుసార్లు వినతిపత్రాలు ఇచ్చాం. మూడింటికీ రసీదులున్నాయి, ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. అనుమతులు ఎత్తేయమని ఈ లేఖ అడగడం లేదు. నీటి మీద ఏం కట్టినా అడిగే కట్టాలి. ఆ నీళ్లు తాగేవాళ్లుంటారు, అందులో వల వేసేవాళ్లుంటారు, వాటితో పొలం తడుపుకునేవాళ్లుంటారు. మా బాధ వేరు. మీ దరఖాస్తుల్లో ఉన్నవన్నీ నేలకు సంబంధించిన ప్రశ్నలు. మేము కట్టేది నీటి మీద. అక్కర్లేనివన్నీ అడుగుతున్నారు, అడగాల్సినవి అడగడం లేదు. ఈలోపు ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఇది కొత్త సాంకేతికత, అర్థం కావడానికి టైం పడుతుంది అనే మాట చాలాసార్లు విన్నాం. జపాన్‌లోని ఐచిలో మొదటి ప్రయోగాత్మక ప్లాంటు తేలింది 2007లో. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలో ఒక ద్రాక్షతోట వాళ్లు సాగునీటి కుంట మీద పెట్టుకున్నారు. సింగపూర్‌లో టెంగే జలాశయం మీద 2021లో 1,22,000 ప్యానెళ్లతో 60 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. అది తాగునీటి జలాశయం. రామగుండంలో థర్మల్ కేంద్రం రిజర్వాయరు మీద 100 మెగావాట్ల ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. దానివల్ల ఏడాదికి సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది. ఇండోనేషియాలో సిరాటా జలాశయం మీద 192 మెగావాట్ల ప్లాంటును 2023 నవంబరులో ప్రారంభించారు. ఇన్ని దేశాల్లో ఇన్నేళ్లుగా నడుస్తున్నదాన్ని ఇంకా కొత్తది అనడం ఎందుకు?

ఒక ఫైలు ఎలా నడిచిందో చెబుతాను. ఏ ఆఫీసు, ఎవరు అన్నది రాయను. ఒకరిని నిందించడం నా ఉద్దేశం కాదు. పైగా ఇది ఒక్క ఆఫీసు కథ కూడా కాదు.

ఒక తాగునీటి పథకం వాళ్లు తమ జలాశయం మీద చిన్న ప్లాంటు పెట్టుకోవాలనుకున్నారు. అర మెగావాటు, అంటే అర హెక్టారు నీటి మీద సరిపోతుంది. పంపులు నడిచేది ఎక్కువగా పగటిపూటే. ఎండ ఉన్నప్పుడు పంపు, పంపు ఉన్నప్పుడు కరెంటు. ఇంతకంటే సులువైన లెక్క ఉండదు. దరఖాస్తు పెట్టాం. మొదటి గడిలోనే సర్వే నంబరు, పట్టా నకలు జతచేయమని ఉంది. "నీటి ఉపరితలం, వర్తించదు" అని రాశాం. వివరాలు అసంపూర్ణం అని తిప్పి పంపారు. తర్వాతి ఫారంలో పునాది లోతు, ప్రహరీ గోడ ఎత్తు, అంతస్తుల సంఖ్య అడిగారు. అంతస్తులు సున్నా అని కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. చివరికి ఒకటి అని కొట్టాం. కాబట్టి కాగితాల ప్రకారం ఆ జలాశయం మధ్యలో ఇప్పుడు ఒక అంతస్తు భవనం ఉంది.

ఇంకో ఆఫీసులో తేలుతుంది కాబట్టి పడవ కిందకి వస్తుందన్నారు, రిజిస్ట్రేషన్ తెమ్మన్నారు. పడవల ఆఫీసుకు వెళితే, కదలని దానికి రిజిస్ట్రేషన్ ఏమిటని నవ్వి పంపేశారు. ఆ నవ్విన ఆయన మాటలోనే కాస్త న్యాయం కనిపించింది.

ఆ మొత్తం తిరుగుడులో మంచి ప్రశ్న అడిగింది ఒక్కరే, అగ్నిమాపక శాఖ అధికారి. "మధ్యలో నిప్పంటుకుంటే మావాళ్లు దాని దగ్గరికి ఎలా చేరాలి? కరెంటు ఎక్కడ ఆపాలి?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మా డిజైన్‌లో రెండు మార్పులు చేసుకున్నాం. అనుమతి అంటే అలా ఉండాలి. కానీ ఆయన అడగాలనుకున్న ఆ ప్రశ్నకు ఆయన ఫారంలో గడే లేదు. అందులో ఉన్నది ఫైరింజను ప్లాంటు చుట్టూ తిరగడానికి ఎన్ని మీటర్ల రోడ్డు వదిలారన్న గడి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ తీరువల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. నీటికి యజమాని ఎవరో తేలదు. కట్ట ఒకరిది, నీళ్లు ఒకరివి, నీటి అడుగున ఉన్న నేల ఇంకొకరిది, చేపల హక్కు మరొకరిది, ఒడ్డు మీద కరెంటు స్తంభం ఇంకెవరిదో. ఈ ఐదుగురిలో ఎవరికి వాళ్లు "మాకు అభ్యంతరం లేదు, కానీ ముందు వాళ్ల ఉత్తరం తెండి" అంటారు. ఆ వాళ్లు కూడా అదే మాట అంటారు. ఎవరూ కాదనడం లేదు కాబట్టి అప్పీలుకు వెళ్లడానికి కూడా దారి లేదు. కాదంటే కనీసం కోర్టుకైనా వెళ్లొచ్చు.

2. గడువులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. గ్రిడ్‌కు కలుపుకోవచ్చని ఇచ్చిన ఉత్తరానికి ఒక గడువుంటుంది. నీటి శాఖ ఉత్తరం వచ్చేసరికి అది చెల్లిపోతుంది. దాన్ని మళ్లీ తెచ్చుకునేసరికి నీటి శాఖ ఉత్తరం పాతబడుతుంది. మేము చెప్పిన తాగునీటి పథకం ఫైలు ఇలా రెండుసార్లు మొదటికొచ్చింది. ఆ లోపల పంపులు ఆగలేదు, గ్రిడ్ కరెంటు మీదే నడిచాయి. ఆ బిల్లు ఎవరు కట్టారు? నీళ్లు పట్టుకునే ఇళ్లవాళ్లే. పెద్ద కంపెనీకి ఫైళ్లు తిప్పడానికే మనుషులుంటారు, ఏడాది ఆలస్యమైనా తట్టుకుంటుంది. చిన్న నీటి సంఘం, రైతుల సంఘం, చిన్న ఊరు తట్టుకోలేవు. విసిగి వదిలేస్తాయి. అవి వదిలేసిన నీటి మీదకు తర్వాత ఎవరొస్తారో మీకూ తెలుసు. ఫైలు కదిలించి పెడతామంటూ మధ్యలో దిగేవాళ్ల సంగతి నేను రాయనక్కర్లేదు.

3. లంగరు గురించి ఎవరూ అడగడం లేదు. ఈ లేఖలో ఒక్క పేరా మాత్రమే చదివే తీరిక మీకుంటే, ఇదే చదవండి.

నేల మీద ప్లాంటుకు పునాది ఎలాగో, నీటి మీద ప్లాంటుకు లంగరు అలాగ. ప్లాస్టిక్ ఫ్లోట్ల మీద వేల ప్యానెళ్లు ఒక దీవిలా కట్టి ఉంటాయి. ఆ దీవిని గాలికి కొట్టుకుపోకుండా పట్టుకునేది అడుగున దించిన కాంక్రీటు దిమ్మెలో, నేలలోకి దించిన మర మేకులో, ఒడ్డుకు కట్టిన తాళ్లో. సాగునీటి జలాశయంలో నీటి మట్టం ఏడాదిలో ఎన్నో మీటర్లు పైకీ కిందకీ పోతుంది. తాడు బిగుతుగా ఉంటే నీరు పెరిగినప్పుడు దీవిని కిందకి లాగుతుంది. వదులుగా ఉంటే నీరు తగ్గినప్పుడు దీవి అటూ ఇటూ తిరుగుతుంది, తూము వైపో అలుగు వైపో పోతుంది. నీరు మరీ తగ్గితే దీవిలో ఒక మూల ఎగుడుదిగుడు నేల మీద కూర్చుని ఫ్లోట్లు చిట్లుతాయి. అడుగున బురదా, రాయా అన్నదాన్ని బట్టి దిమ్మె పట్టు మారిపోతుంది. ఇవన్నీ లెక్క కట్టడానికి పద్ధతులున్నాయి. 2021లో సాంకేతిక ప్రమాణాలు రాసే నార్వే సంస్థ డీఎన్‌వీ ఫ్లోటింగ్ సోలార్‌కే ప్రత్యేకంగా ఒక సిఫార్సు ప్రమాణం కూడా ప్రచురించింది.

జపాన్‌లో చిబా ప్రాంతంలో యమకురా ఆనకట్ట ఉంది. దాని జలాశయం మీద 50,000కు పైగా ప్యానెళ్లతో 13.7 మెగావాట్ల ప్లాంటు 2018లో మొదలైంది. 2019 సెప్టెంబరులో ఫక్సాయ్ తుపాను వచ్చింది. లంగర్ల పట్టు తప్పింది, దీవి చిరిగింది, ప్యానెళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, ఆ కుప్పలో మంటలు లేచాయి. సోలార్ ప్యానెల్‌కు స్విచ్ వేస్తేనో తీస్తేనో ఆగే గుణం లేదు. ఎండ పడినంతసేపు కరెంటు పుడుతూనే ఉంటుంది. తీగలు తెగి నలిగిన చోట అదే నిప్పవుతుంది. నీటి మధ్యలో మంట ఏమిటని నవ్వేవాళ్లకు ఆ ఫోటోలు చూపించాలి. ఆ తర్వాత జపాన్ ప్రభుత్వం సాంకేతిక నిబంధనలను గట్టి చేసింది. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఓంకారేశ్వర్ జలాశయం మీది ప్లాంటులో కొంత భాగం వేసవి గాలివానకు దెబ్బతింది. తుపాను కూడా కాదు, వేసవి గాలివాన.

ఇన్ని జరిగాక కూడా, ఇప్పటిదాకా నేను నింపిన ఏ ఫారంలోనూ "కనిష్ఠ, గరిష్ఠ నీటి మట్టాలు ఎంత, లంగరు నక్షా ఏది" అన్న గడి లేదు. ప్రహరీ గోడ ఎత్తు మాత్రం మూడు ఫారాల్లో ఉంది. దీవి తెగి తూముకు అడ్డంపడితే కింది పొలాలకు నీరు ఆగుతుంది. వరద రోజున అలుగు దగ్గర చిక్కుకుంటే కట్టకే ముప్పు. ఆ రాత్రి కట్ట కింద ఊళ్లో నిద్రపోయేవాళ్లకు అనుమతి పత్రంలో ఎన్ని సంతకాలుంటే ఏం లాభం?

4. వల వేసేవాళ్లను అడగడం లేదు. ఇందులో మీతో పాటు మా రంగానిదీ తప్పుంది, ఒప్పుకుంటున్నాను.

ఒక జలాశయం దగ్గర సర్వేకు వెళ్లినప్పుడు పడవలో మమ్మల్ని తిప్పిన పెద్దాయన రోజంతా ఏమీ మాట్లాడలేదు. ఒడ్డుకు వచ్చాక, "బాబూ, మీరు గీత గీసిన చోటే మేము వల వేసేది. అక్కడ లోతు, అక్కడే చేప" అన్నాడు. మాకూ లోతే కావాలి. ఎండాకాలంలో కూడా నీరుండే చోటు కావాలి కదా. చేపకు కావాల్సిందీ, ప్యానెల్‌కు కావాల్సిందీ ఒకే చోటు. ఈ తగువు ప్రతి జలాశయంలో ఉంటుంది. దాన్ని కాగితం మీద ముందే తేల్చుకోకపోతే నీటి మీద తేల్చుకోవాల్సి వస్తుంది.

ఆ జలాశయానికి నోటీసు ఇవ్వలేదని కాదు. ఇచ్చారు. ఆఫీసు బోర్డు మీద అంటించారు. "జలాశయ ఉపరితల వినియోగ ప్రతిపాదనపై అభ్యంతరాల స్వీకరణ" అని ఉంది. తెల్లవారుజామున వల తీయడానికి వెళ్లే మనిషి పదింటికి తెరిచే ఆఫీసు బోర్డు ఎప్పుడు చదువుతాడు? చదివినా అందులో ప్యానెల్ అన్న మాటే లేదు. అభ్యంతరాలేమీ రాలేదని ఫైల్లో రాసుకున్నారు.

వాళ్ల భయాలు కూడా గాలివి కావు. తీగ తెగితే నీళ్లలో షాక్ కొడుతుందా? నీడ పడితే చేప వెళ్లిపోతుందా? వల లంగరు తాడుకు చిక్కి చిరిగితే ఎవరిస్తారు? మొదటిదానికి జవాబుంది. తీగలు నీటికి పైన నడపాలి, ఇన్సులేషన్ తగ్గినా, కరెంటు లీకైనా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తరచూ చూడాలి. రెండోది ఎంత మేర కప్పారన్న దాన్ని బట్టి ఉంటుంది. మూడోదానికి జవాబు ఇంజినీరు దగ్గర ఉండదు, ఒప్పందంలో ఉండాలి. దక్షిణ కొరియాలో హాప్‌చియాన్ ఆనకట్ట మీద 2021లో 41 మెగావాట్ల ప్లాంటు కట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్టుబడి పెట్టి రాబడిలో వాటా తీసుకునే ఏర్పాటు చేశారు. అన్ని చోట్లా అదే చేయాలని కాదు. కానీ అడ్డుపడేవాళ్లుగా కాక వాటాదారులుగా చూసిన చోట పని ఆగలేదు.

5. ఎంత మేర కప్పొచ్చో ఒక అంకె లేదు. జలాశయం మొత్తం కప్పేస్తే కింద వెలుతురు తగ్గుతుంది, గాలి తగలక నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గొచ్చు. కొంత భాగమే కప్పితే నాచు తగ్గడం, ఆవిరి తగ్గడం లాంటి మేలూ ఉంటుంది. ఎక్కడ మేలు ఆగి కీడు మొదలవుతుందన్నది ఆ నీటి లోతు, ప్రవాహం, వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఏ దేశం అంకె ఆ దేశానిదే. 2023 నుంచి జర్మనీ నీటి చట్టం ప్రకారం మానవ నిర్మిత జలాశయాలు, లేదా మనిషి బాగా మార్చేసిన జలాశయాల మీదే వీటిని పెట్టాలి, 15 శాతం మించి కప్పకూడదు, ఒడ్డు నుంచి 40 మీటర్లు వదలాలి. ఇండోనేషియా 2020లో 5 శాతం అంది, తర్వాత సడలించింది. జర్మనీ నిబంధన మరీ బిగుతుగా ఉందని అక్కడి పరిశ్రమ గొణుగుతోంది. నాకూ 15 శాతం తక్కువే అనిపిస్తుంది. అయినా అక్కడ దరఖాస్తు పెట్టేవాడికి హద్దు ముందే తెలుసు. మాకు ఒక అధికారి సగం కప్పినా ఫరవాలేదన్నారు, ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన పదో వంతు కూడా వద్దన్నారు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి చేతిలోనూ రాసిపెట్టిన అంకె లేదు.

ఒక పక్కమాట. నీటి చల్లదనానికి కరెంటు పదిహేను శాతం ఎక్కువొస్తుందని, చుక్క నీరు కూడా ఆవిరి కాదని ఊదరగొట్టే అమ్మకందార్లు మా రంగంలో ఉన్నారు. చల్లదనం వల్ల కొంత లాభం నిజమే, కానీ అది చోటును బట్టి, ఫ్లోట్ల తీరును బట్టి మారుతుంది. వాళ్ల మాటలు విని మీకు మా అందరి మీదా అనుమానం వస్తే నేను తప్పుపట్టను. లెక్క అడగండి. ఆ అడిగేదేదో ఫారంలోనే ఉండాలని మేము అంటున్నాం.

6. తీసేసేది ఎవరో రాసి ఉండదు. ఇరవై, పాతికేళ్ల తర్వాత ఫ్లోట్లు ఎండకు పెళుసెక్కుతాయి. కంపెనీ అప్పటికి ఉంటుందో లేదో. లేకపోతే ఆ ప్లాస్టిక్ ముక్కలు జనం తాగే నీటిలోనే.

7. తర్వాత వచ్చే నిబంధన పాత ప్లాంటును ముంచుతుంది. 2022లో చైనా జలవనరుల శాఖ నదులు, సరస్సులు, జలాశయాల నీటి మీద సౌర ప్లాంట్లు కట్టకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా నీటి మీద ప్యానెళ్లు తేల్చిన దేశం అది. బొగ్గు తవ్వాక కుంగి, నీళ్లు నిండిన గుంతల మీద హువైనాన్‌లో కట్టినవాటిని ప్రపంచమంతా మెచ్చుకుంది. సహజ నది వేరు, పాడుబడ్డ గని గుంత వేరు అన్న తేడా మొదటి రోజే గీసి ఉంటే తర్వాత ఇంత కఠినంగా గీయాల్సిన పని ఉండేది కాదేమో. తేడా గీయకుండా అనుమతులిస్తే ఒకరోజు అందరికీ కలిపి వద్దనాల్సి వస్తుంది. మధ్యలో అప్పు చేసి పెట్టుకున్న చిన్న సంఘం మునిగిపోతుంది.

ఇక మేము అడిగేవి. వీటిలో ఏదీ చట్టం మార్చాల్సినంత పెద్దది కాదని నా నమ్మకం. చాలావరకు ఒక ఆదేశం, ఒక కొత్త ఫారం సరిపోతాయి.

ఒకటి. ఒకే దరఖాస్తు, ఒకే ఆఫీసు. ఆ ఆఫీసు జలాశయాన్ని నిర్వహించే సంస్థదే కావాలి. ఎందుకంటే వరద రోజున తూము దగ్గర నిలబడేది వాళ్లే. మిగతా శాఖలన్నింటికీ ఫైలు పంపి తెప్పించే బాధ్యత వాళ్లది, మాది కాదు.

రెండు. నీటి ఫారం రాయండి. పట్టా, అంతస్తులు, ప్రహరీ తీసేయండి. వాటి స్థానంలో ఇవి పెట్టండి: గత సంవత్సరాల కనిష్ఠ, గరిష్ఠ నీటి మట్టాలు, లోతుల సర్వే, అడుగు నేల పరీక్ష, గాలి, అలల లెక్క, లంగరు నక్షా, ఒక తాడు తెగితే మిగతావి ఆగుతాయన్న నిరూపణ, తూము, అలుగు, నీళ్లు తోడే బావి నుంచి దూరం, తీగల దారి, పడవలకు వదిలిన దారి, నిప్పంటుకుంటే చేరే మార్గం, తీసివేత పథకం. ఇది మేము తయారు చేయడానికి కష్టమైన ఫారం. అయినా ఇదే అడగండి. ముసాయిదా కావాలంటే రాసి ఇస్తాం, రుసుము అక్కర్లేదు.

మూడు. అన్ని నీళ్లనూ ఒకే గాటన కట్టకండి. చేపలు లేని, సొంత సాగునీటి కుంట మీదో, శుద్ధి కేంద్రం తొట్టి మీదో పెట్టుకునేవాళ్లకు చిన్న పరిశీలన చాలు. పెద్ద జలాశయానికి పూర్తి పరిశీలన. సహజ సరస్సు, వలస పక్షులు దిగే చిత్తడి నేల అయితే మొదటి మాటే వద్దు అని ఉండాలి, ఎందుకు కావాలో నిరూపించుకునే భారం అడిగేవాడి మీద ఉండాలి. మా రంగంలో కొందరికి ఈ మాట నచ్చదు.

నాలుగు. విచారణ ఒడ్డున జరగాలి. ఆఫీసులో కాదు. వల వేసేవాళ్లు, నీటి సంఘం వాళ్లు ఖాళీగా ఉండే వేళ చూసి, మామూలు మాటల్లో, నక్షా నేల మీద పరిచి చూపించాలి. నష్టం ఉంటే పరిహారమా, వాటానా, చోటు జరపడమా అన్నది అనుమతికి ముందే రాతపూర్వకంగా తేలాలి.

ఐదు. గడువు పెట్టండి, కానీ మౌనాన్ని అంగీకారం చేయకండి. నిర్ణీత రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే అన్న పద్ధతి కొన్ని రంగాల్లో ఉంది. మా వాళ్లలో చాలామంది అదే కోరుతున్నారు. నేను వద్దంటాను. తాగే నీటి మీద ఎవరూ చూడని ప్లాంటు తేలకూడదు. గడువు దాటితే ఫైలు దానంతటదే పై అధికారి దగ్గరికి వెళ్లాలి, ఆలస్యం ఎక్కడ జరిగిందో అందరికీ కనిపించాలి, అది చాలు. కాదంటే కాదనండి, కారణం రాసివ్వండి.

ఆరు. అన్ని ఉత్తరాల గడువూ ఒకే రోజు నుంచి, చివరి ఉత్తరం వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి.

ఏడు. కట్టడానికి ముందు ఒక ఏడాది, కట్టాక నడిచినన్నాళ్లూ నీటి నాణ్యత కొలవాలి. ఆక్సిజన్, ఉష్ణోగ్రత, నాచు. ఆ అంకెలు ఎవరైనా చూసుకునేలా ఉండాలి. టెంగేలో కట్టడానికి ముందే నీటి మీద, జీవజాలం మీద అధ్యయనం చేశారు, కట్టాక కూడా కొలుస్తున్నారు. చిన్న ప్లాంట్లకు ఈ ఖర్చు బరువే. ఒక జలాశయం మీద ఎన్ని ప్లాంట్లున్నా కొలత ఒక్కటే కాబట్టి దాన్ని నిర్వహణ సంస్థే చేసి, ప్లాంట్ల నుంచి వంతుల వారీగా వసూలు చేసుకోవచ్చు. తీసివేతకు డిపాజిట్ కూడా మొదటి రోజే కట్టించుకోండి.

ఇవన్నీ ఒకేసారి కాకపోయినా రెండోది, నాలుగోది వెంటనే చేయొచ్చు. వాటికి ఎవరి ఆమోదం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

మా ఫైలు విషయం కూడా చెప్పి ముగిస్తాను. ఆ తాగునీటి జలాశయంలో ఏడాదికి ఒక్కసారి, ఎండలు ముదిరాక, ఒక మూల నేల బయటపడుతుంది. లంగరు దిమ్మెల్లో సగం ఆ మూలలోనే దించాలి. నేల పొడిగా ఉన్నప్పుడు కొలతతో, కళ్లెదుట దించొచ్చు. నీరు వచ్చేస్తే గజ ఈతగాళ్లతో, బార్జితో చేయాలి. ఖర్చూ ఎక్కువ, దిమ్మె సరిగ్గా కూర్చుందో లేదో చూసేదీ తక్కువ. ఇప్పటికే రెండు ఎండాకాలాలు కాగితం కోసం చూస్తూ పోయాయి. ఈసారి నీళ్లు తగ్గేలోపు అవుననో కాదనో ఒక ఉత్తరం ఇప్పించండి.

ఇట్లు,
నీటి మీద పనిచేసే ఒక ఇంజినీరు